స్కాలర్‌షిప్ నుంచి నదుల దాకా: విధానకర్త అంబేద్కర్

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో అంబేద్కర్ విగ్రహం చేతిలో రాజ్యాంగం ఉంటుంది. ఆయన కరెంటుకు, సాగునీటికి, సాంకేతిక విద్యకు కూడా ప్రభుత్వ విధానాలు రూపొందించారన్న సంగతి మనం తక్కువగా చెప్పుకుంటాం.

1891లో మహూలో పుట్టిన భీమ్‌రావు 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1917లో తిరిగొచ్చి బరోడా కొలువులో చేరితే, కులం తెలిసి బస నుంచి గెంటేశారు. ప్రజాధనంతో చదివించిన మనిషిని కులం పని చేయనివ్వలేదు.

1942లో వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడయ్యారు. ఆ ఏడాదే ఎస్సీ విద్యార్థుల సైన్స్, సాంకేతిక, విదేశీ చదువులకు సర్కారు సొమ్ము అడుగుతూ వినతిపత్రం ఇచ్చారు. 3 లక్షల రూపాయలు సాధించారు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. అదే ఏడాది కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు, 1945లో నేటి కేంద్ర జలసంఘానికి మూలమైన కమిషన్ ఆయన శాఖలోనే పుట్టాయి. వరద నివారణ, సాగునీరు, విద్యుత్తు ఒకే ప్రణాళికలో ఉండాలన్న ఆలోచనకు దామోదర్ లోయ పథకం రూపమిచ్చింది. కొత్త పద్ధతులు రావాలంటే చట్టం, సంస్థ, డబ్బు, శిక్షణ పొందిన మనుషులు కలిసి రావాలని ఆయన పని చూపించింది.

1947లో ఆయన మరో అడుగు వేశారు. సాగుభూమి ప్రభుత్వానిదై ఉండాలని, కులభేదం లేకుండా అందరికీ సాగుకివ్వాలని రాజ్యాంగ సభకు సమర్పించిన పత్రంలో కోరారు. అది చట్టం కాలేదు. అందుకే కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు నాగర్‌కర్నూల్ పొలాలకు వచ్చినా, భూమి లేని దళితుడికి మిగిలేది కూలి పనే.

ఆయన మరణించిన 1956లోనే అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ఆర్డీఎస్‌కు 15.9 టీఎంసీలు కేటాయించింది. 87,500 ఎకరాల ఆ ఆయకట్టులో చివరి పొలాలు నీటి కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి. కాగితం మీది వాటా కాలువలోకి రావాలంటే అమలు చేసే యంత్రాంగం కావాలి.

వనపర్తిలో రాజుగారి కోట 1959లో ప్రభుత్వ పాలిటెక్నిక్ అయింది. ఒకప్పుడు మన తాతలు గడప తొక్కలేని చోట మన పిల్లలు ఇంజినీరింగ్ నేర్చుకుంటున్నారు. విధానం మారితే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఫీజు బకాయిలు విడుదల కాక, కాలేజీల్లో సర్టిఫికెట్లు ఆగిపోతే ఆ గడప మళ్లీ ఎత్తవుతుంది. బరోడా స్కాలర్‌షిప్ ఒక అంబేద్కర్‌ను ఇచ్చింది. ఆగిపోయిన ప్రతి స్కాలర్‌షిప్‌తో మనం ఎవరిని పోగొట్టుకుంటున్నామో ప్రభుత్వాన్ని అడుగుదాం.