హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ (రజి): ఆపిన సాయం, మళ్ళీ ఇచ్చిన సాయం



ఇస్లాం మొదటి ఖలీఫా హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ (రజి) పేరు ఎరగని వారు మనలో లేరు. శుక్రవారం ఖుత్బాలో ఆ పేరు వింటూనే ఉంటాం. మన పిల్లలకు పెట్టుకుంటూ ఉంటాం. సౌర్ గుహలో దైవప్రవక్త (స) వారికి తోడుగా ఉన్నారనీ, తర్వాత ఖలీఫా అయ్యారనీ చిన్నపిల్లవాడు సైతం చెప్పగలడు. అయితే వారి జీవితంలో ఒక ఘట్టం ఉన్నది. అది పదిమంది దగ్గర జకాత్, చందా పోగుచేసి పేదలకు అందించే మనవంటి సంఘాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది. తాము పోషిస్తున్న ఒక పేదవాడు తమనే గాయపరిస్తే వారేం చేశారన్నది ఆ ఘట్టం. దానిని ముఖ్యంగా తీసుకొని, వారి జీవితాన్ని క్లుప్తంగా మనవి చేయదలచాము.

వారి అసలు పేరు అబ్దుల్లాహ్. క్రీ.శ. 573 ప్రాంతంలో మక్కాలో ఖురైష్ తెగకు చెందిన బనూ తైమ్ శాఖలో జన్మించారు. తండ్రి అబూ ఖుహాఫా, తల్లి ఉమ్ముల్ ఖైర్. దైవప్రవక్త (స) కంటే రెండు మూడేళ్ళు చిన్నవారు. వృత్తి బట్టల వ్యాపారం. మాట నెమ్మది, లెక్క నిక్కచ్చి. అందుచేత మక్కాలో మంచి పలుకుబడి ఉండేది. ఇస్లాం పిలుపు వినగానే వెనుకాడకుండా విశ్వసించిన పురుషులలో వారు మొదటివారు. అప్పటికి వారి వద్ద నలభై వేల దిర్హములు ఉండేవని చరిత్రకారులు వ్రాశారు. ఆ ధనంలో అధికభాగం యజమానుల చేత చిత్రహింసలు పడుతున్న బానిసలను కొని విడిపించడానికే ఖర్చయింది. ఎండలో కాలే ఇసుక మీద పడుకోబెట్టి, రొమ్ము మీద బండ పెట్టబడిన హజ్రత్ బిలాల్ (రజి) అలా విముక్తి పొందినవారే. తర్వాత వారే ఇస్లాంలో మొదటి ముఅజ్జిన్ అయిన సంగతి మనందరికీ తెలుసు.

క్రీ.శ. 622లో హిజ్రత్ జరిగింది. దైవప్రవక్త (స) వారితో కలసి అబూబకర్ సౌర్ గుహలో మూడు రాత్రులు గడిపి, మదీనా చేరుకున్నారు. ఆస్తిపాస్తులు వదలి మక్కా నుండి వలస వచ్చిన ముహాజిర్లు మదీనాలో ఎందరో ఉన్నారు. వారిలో మిస్తహ్ అనే పేదవాడు ఒకడు. పరాయివాడు కాదు. అబూబకర్ తల్లి తోబుట్టువు, అంటే వారి ఖాలా, ఆమె కూతురికి కొడుకు. బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవాడు. అతని తిండికీ బట్టకూ అయ్యే ఖర్చు అబూబకరే భరిస్తూ వచ్చారు.

ఇలా ఉండగా, హిజ్రత్ అయిన అయిదారేళ్ళకు పెద్ద పరీక్ష వచ్చిపడింది. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుండి తిరిగి వస్తుండగా, అబూబకర్ కుమార్తె, దైవప్రవక్త (స) భార్య అయిన హజ్రత్ ఆయిషా (రజి) మెడలోని హారం తెగి పడిపోయింది. ఆమె దాన్ని వెతుక్కుంటూ వెళ్ళారు. అంబారీలోనే ఉన్నారనుకొని ఒంటెను తోలుకొని అందరూ సాగిపోయారు. సైన్యం వెనుక వస్తున్న సఫ్వాన్ (రజి) ఆమెను చూచి, తన ఒంటె మీద ఎక్కించి, తాను నడుస్తూ విడిదికి చేర్చారు. జరిగింది ఇంతే. కాని మదీనాలోని కపటులకు ఇంతే చాలింది. నింద పుట్టించారు. నోటికి నోరు తోడై ఊరంతా పాకింది. ఆ నోళ్ళలో మిస్తహ్ నోరు కూడా ఒకటి!

సుమారు నెల రోజులు ఆ ఇల్లు ఎంత క్షోభ పడిందో ఆడపిల్లల తండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. ఆయిషా (రజి) జబ్బుపడి ఉన్నందున ఆమెకు సంగతే తెలియదు. ఒక రాత్రి మిస్తహ్ తల్లితో కలసి బయటికి వెళ్ళినపుడు ఆ పెద్దావిడ కాలికి దుప్పటి అడ్డుపడి తూలింది. తూలి, తన కొడుకునే శపించింది. బద్ర్‌లో పాల్గొన్నవాణ్ణి అలా తిట్టవచ్చునా అని ఆయిషా (రజి) ఆమెను మందలించారు. అప్పుడు గాని ఆ తల్లి అసలు విషయం బయటపెట్టలేదు. తెలిసిన తర్వాత కన్నీరే గాని నిద్ర లేదు.

చివరకు దైవవాణి అవతరించింది. ఖుర్ఆన్‌లోని నూర్ సూరా ఆయిషా (రజి) నిర్దోషి అని ప్రకటించింది. శీలవతులపై నింద వేసేవారికి శిక్ష నిర్ణయించింది. ఆ శిక్ష మిస్తహ్‌కు కూడా పడిందని ఉల్లేఖనాలు చెబుతున్నాయి.

కూతురి మీద నింద తొలగిపోయింది. కాని తండ్రి మనసులో మంట మిగిలింది. తన ఉప్పు తిన్నవాడు, తన రక్తబంధువు, తన బిడ్డ గురించే ఇలా మాట్లాడాడు. ఇక వానికి ఒక్క దిర్హము కూడా ఇవ్వబోనని అబూబకర్ ఒట్టు పెట్టుకున్నారు. మనలో ఎవరైనా ఆ చోటున ఉంటే అంతకంటే ఎక్కువే చేసి ఉండేవారం కాదూ? ఊరు కూడా ఔననే అంటుంది.

కాని అదే నూర్ సూరాలో ఇరవై రెండవ ఆయత్ అవతరించింది. కలిమి గలవారు తమ బంధువులకు, పేదలకు, అల్లాహ్ మార్గంలో వలస వచ్చినవారికి ఇవ్వబోమని ఒట్టు పెట్టుకోరాదనీ, మన్నించి చూడనట్లు పోవాలనీ, అల్లాహ్ తమను క్షమించాలని వారికి మాత్రం ఉండదా అనీ దాని భావం. బంధువు, పేద, వలస వచ్చినవాడు - ఈ మూడూ మిస్తహ్‌కు సరిపోతాయి. ఆయత్ వినగానే అబూబకర్ తమకు అల్లాహ్ క్షమాపణే కావాలన్నారు. ఆపిన సాయం అప్పుడే తిరిగి మొదలుపెట్టారు. ఇక ఎన్నటికీ ఆపబోనని మరల ఒట్టు పెట్టుకున్నారు.

ఇందులో మనం గమనించవలసినవి మూడు ఉన్నాయి. మొదటిది, మిస్తహ్ చేసింది తప్పు కాదని ఎవరూ అనలేదు. తప్పు తప్పే, దానికి శిక్షా ఉన్నది. అయినా వాని కడుపు వాని తప్పుతో ముడిపడి లేదు. రెండవది, మిస్తహ్ వచ్చి కాళ్ళావేళ్ళా పడితేనే సాయం ఇవ్వమని అల్లాహ్ షరతు పెట్టలేదు. మూడవది ఒట్టు సంగతి. ఒట్టు పెట్టుకున్నాక తప్పడమెలా అని మనవాళ్ళు పట్టుబడుతూ ఉంటారు. మంచిపనికి అడ్డువచ్చే ఒట్టును విడిచి, కఫ్ఫారా చెల్లించి మంచిపని చేయవలెనన్నదే ఇస్లాం బోధ. పదిమంది పేదలకు అన్నం పెట్టడం గాని, బట్టలివ్వడం గాని, లేదా ఒక బానిసను విడిపించడం గాని చేయాలి. ఏదీ చేయలేనివారు మూడు రోజులు ఉపవాసముండాలి. అన్న గడప తొక్కనని తమ్ముడు, చెల్లెలి ఇంట చేయి కడగనని అక్క పెట్టుకున్న ఒట్లకు కూడా ఇదే దారి.

అబూబకర్ క్షమించడంలోనే కాదు, క్షమాపణ అడగడంలోనూ ముందుండేవారు. రబీఆ (రజి) అనే సహాబీకీ వారికీ పొలాలు పక్కపక్కనే ఉండేవి. ఒక ఖర్జూరపు చెట్టు ఎవరి హద్దులోనిదని మాట వచ్చింది. మన డెల్టాలో గట్టు మీది తాటిచెట్టు కోసం వచ్చే తగాదా వంటిదే. అబూబకర్ నోట ఒక కటువైన మాట జారింది. జారగానే నొచ్చుకొని, అదే మాట తిరిగి తనను అని బాకీ తీర్చుకొమ్మని రబీఆను బ్రతిమాలారు. ఆయన ససేమిరా అనలేదు. వ్యవహారం దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళింది. తిరిగి అనవద్దు, అబూబకర్‌ను అల్లాహ్ క్షమించుగాక అని మాత్రం అనమని వారు రబీఆకు చెప్పారు. ఆ మాట విని అబూబకర్ ఏడుస్తూ వెళ్ళిపోయారట.

ఇంకొకసారి హజ్రత్ ఉమర్ (రజి)తో మాట పట్టింపు వచ్చింది. అబూబకర్ వెంటనే పశ్చాత్తాపపడి మన్నించమని అడిగితే ఉమర్ మన్నించలేదు. కొంతసేపటికి ఆయనకూ బాధ కలిగి, వెతుక్కుంటూ దైవప్రవక్త (స) సభకు వచ్చారు. ప్రవక్త (స) ముఖంలో ఉమర్ మీద కోపం కనబడింది. అప్పుడు అబూబకర్ ఏం చేశారు? మోకాళ్ళ మీద కూర్చుని, తప్పు ఎక్కువ నాదేనని ఒకటికి రెండుసార్లు విన్నవించుకున్నారు. పంచాయతీలో తీర్పు తనవైపు మొగ్గుతున్న వేళ ఎదుటివానిని కాపాడబూనేవారు ఎందరుంటారు!

క్రీ.శ. 632లో దైవప్రవక్త (స) పరమపదించిన పిమ్మట అబూబకర్ ఖలీఫా అయ్యారు. అంతకుముందు పేటలోని ఆడపిల్లలకు మేకల పాలు పితికి ఇచ్చే అలవాటుండేది. ఖలీఫా అయ్యాక ఇక ఎవరు పితుకుతారని వాళ్ళు బెంగపడితే, ఆ పని మానలేదు. అయితే ఇంత మెత్తని మనిషి ఒకచోట బండరాయిలా నిలబడ్డారు. కొన్ని తెగలు నమాజు చేస్తాం గాని జకాత్ ఇవ్వమన్నాయి. కొంత సర్దుకుపోవడం మేలని ఉమర్ (రజి) వంటి వారు కూడా మొదట సలహా ఇచ్చారు. అబూబకర్ ఒప్పుకోలేదు. తమకు తగిలిన గాయం తమ సొంతం గనుక దాన్ని మన్నించే హక్కు వారికి ఉన్నది. జకాత్ పేదల హక్కు. దాన్ని వదలిపెట్టడానికి ఖలీఫాకు మాత్రం హక్కెక్కడిది? మన లెక్కల పుస్తకాలు వ్రాసేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. మనల్ని అన్న మాటలు మన్నించవచ్చు గాని, పేదల పైకం ఒక్క రూపాయి కూడా మన్నింపుగా విడిచిపెట్టరాదు.

అదే పోరులో తిరుగుబాటు చేసి పట్టుబడిన కిందా నాయకుడు అష్అస్ పశ్చాత్తాపపడితే అబూబకర్ విడిచిపెట్టారు. అంతటితో ఆగక తమ చెల్లెలు ఉమ్మె ఫర్వాను ఇచ్చి పెళ్ళి చేశారు. మన్నించినవాణ్ణి గుమ్మం బయటనే నిలబెట్టలేదన్న మాట.

రెండేళ్ళ మూడు నెలలు పాలించి, క్రీ.శ. 634 ఆగస్టులో, అరవై మూడేళ్ళ వయసులో కన్నుమూశారు. అప్పటివరకు బైతుల్ మాల్ నుండి తీసుకొన్న భత్యాన్ని తమ ఆస్తి నుండి తిరిగి కట్టమని వీలునామా చెప్పారు. కొత్త బట్ట బ్రతికున్నవారికి పనికివస్తుంది, తమకు పాత బట్టే కఫన్‌గా చాలునన్నారు. బట్టల వ్యాపారి ఆఖరికి కోరుకున్నది ఉతికిన పాత బట్ట!

ఇక మన సంగతి. 2023లో హజ్ యాత్రికుల విమానాలు మొదటిసారిగా మన గన్నవరం విమానాశ్రయం నుండే బయలుదేరాయి. యాత్రకు పోయేవారు ఇల్లిల్లూ తిరిగి కహాసునా మాఫ్ చేయమని అడగడం మన ఆచారం. షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్‌కు వెళ్ళి గతించినవారి క్షమాపణకు దుఆ చేస్తాం. రంజాన్ చివరి పది రాత్రులలో అల్లాహ్ మన్నింపును వేడుకొనే దుఆ చదువుతాం. దాన్ని దైవప్రవక్త (స) నేర్పింది ఎవరికో తెలుసునా? నింద మోసిన ఆయిషా (రజి)కే. నమాజు చివర దరూద్ తర్వాత, తనకు తాను అన్యాయం చేసుకొన్నానని ఒప్పుకొంటూ మనం చదివే దుఆ ప్రవక్త (స) అబూబకర్‌కు నేర్పినది. అంటే మన మసీదులలో రోజుకు అయిదు పూటలా అబూబకర్ అడిగినట్లే మనమూ అడుగుతున్నాం. అడగడం వచ్చినవారికి ఇవ్వడం ఎందుకు రాకూడదు?

సోదరుడితో మూడు రోజులకు మించి మాట మానుకోరాదని, ముందుగా సలాం చేసినవాడే ఉత్తముడని హదీసు ఉన్నది. ఈదుల్ ఫిత్ర్ నాడు అందరితో ఆలింగనాలు చేస్తాం గాని, తగాదా ఉన్న ఆ ఒక్కరు కనబడితే సఫ్ మార్చుకుంటాం. ఆ ఒక్కరి కోసమే కదా ఈద్!

సాయం జాబితా వ్రాసేటప్పుడు ఫలానా ఆవిడ కమిటీని తిట్టింది, ఫలానా అతను ఎన్నికల్లో మనకు ఎదురు తిరిగాడు అని ఒక పేరు మీద కలం ఆగుతుంది. ఏ ఊరి సంఘంలోనైనా జరిగే పనే ఇది. ఆ ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలు, మందులు కావలసిన ముసలమ్మ ఉంటారు. వాళ్ళు ఎవరినీ ఏమీ అనలేదు. అలా కలం ఆగిన చోట మిస్తహ్ పేరు తలచుకొని, జాబితాలో ఆ పేరు ఉంచవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాము. అర్హత చూడవలసిందే, లెక్క చూడవలసిందే. మన కోపం మాత్రం ఆ లెక్కలోకి రాకూడదు.

అల్లాహ్ మనందరికీ మన్నించే మనసు, మన్నింపు అడిగే ధైర్యం ప్రసాదించుగాక. ఆమీన్.