సమర్థ రామదాసుల బలోపాసన

జపం చేసుకొనేవారికి వ్యాయామం ఎందుకని, కుస్తీ పట్టేవారికి జపం ఎందుకని మీ ఇంట ఎవరైనా అడిగితే, వారికి సమర్థ రామదాసుల చరిత్ర చెప్పండి.

ఆయన 1608లో శ్రీరామనవమి నాడు మహారాష్ట్రలోని జాంబ్ గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు నారాయణుడు. పన్నెండవ ఏట, పెండ్లిపీటలపై పురోహితుల నోట సావధాన అన్న మాట వినగానే సంసారం పట్ల సావధానుడై మంటపం విడిచి వెళ్లిపోయాడని భక్తులు చెప్పుకొంటారు.

నాసిక్ చేరువన, తెలుగునేలకు దిగివచ్చే గోదావరి తల్లి ఒడిలోనే, టాక్లీ వద్ద పన్నెండేళ్లు తపస్సు చేశారు. ఆ తపస్సు తీరును ఒక్కసారి ఊహించండి. దినానికి 1200 సూర్యనమస్కారాలు చేసేవారని సంప్రదాయం. నడుములోతు నీటిలో నిలిచి మధ్యాహ్నం దాకా గాయత్రీ జపం, శ్రీరామ త్రయోదశాక్షరీ జపం. చేపలు కాళ్లు కొరుకుతున్నా చలించలేదట! ఆపై మాధుకరం, పురాణశ్రవణం, గ్రంథలేఖనం. స్వహస్తాలతో వ్రాసుకొన్న వాల్మీకి రామాయణ ప్రతి ధులేలోని సమర్థ వాగ్దేవతా మందిరంలో ఉన్నది. గట్టి నడుమూ, చెదరని ఊపిరీ లేనిదే అంతటి జపం సాగుతుందా? సూర్యునికి చేసే ప్రతి నమస్కారమూ మంత్రపూర్వకమే. ఇందులో వ్యాయామం ఎక్కడ ముగిసి ఆరాధన ఎక్కడ మొదలైందో మీరు విడదీయగలరా?

తరువాత పన్నెండేళ్లు దేశాటనం. 1630లో మొదలైన ఘోరక్షామం దక్కనును కుంగదీసిన రోజులవి, యుద్ధాలు సరేసరి. తిండీ ధైర్యమూ కోల్పోయిన ప్రజలను చూసి ఆయన హృదయం ద్రవించింది. అటువంటివారికి వేదాంతం ఒక్కటే చాలదని తలచి, కృష్ణాతీరం చేరి ఊరూరా మారుతిని ప్రతిష్ఠించారు. ఆ స్వామి ఎదుట దండీలు, బస్కీలు తీసి దేహాన్ని దృఢపరచుకొమ్మని యువకులను ప్రోత్సహించారు. సతారా, సాంగ్లీ, కొల్హాపూర్ జిల్లాల్లోని ఆ పదకొండు మారుతులు నేటికీ పూజలందుకొంటున్నారు.

వాటిలో చాఫళ్‌ను మీరు ప్రత్యేకంగా దర్శించాలి. 1648లో అక్కడ శ్రీరామ ప్రతిష్ఠ జరిగింది. రాముని ఎదుట దాసమారుతి చేతులు జోడించి వినయంగా నిలుచున్నాడు. అదే మందిరం వెనుక ప్రతాపమారుతి, తోక పైకెత్తి, రక్కసుని పాదం కింద అణచి నిలుచున్నాడు. ఇద్దరూ ఒక్కరే! స్వామి ముందు జోడించిన చేతులే స్వామికార్యంలో పిడికిళ్లయ్యాయి. వెనుకనున్న వీరుణ్ణి మాత్రమే మెచ్చి మరలేవారు ముందున్న దాసుణ్ణి మరచినట్లే. ఆ దాస్యం లేని కండబలం రావణునికీ ఉండెను.

శివాజీ మహారాజుకు రామదాసులు గురువుగా ప్రసిద్ధి. వారి తొలి సమాగమం ఎన్నడన్నదానిపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు గాని, 1676 నుండి ఆయన నివసించినది మహారాజు కోట సజ్జన్‌గఢ్‌లోనే. శాలివాహన శకం 1603 (1682) మాఘ బహుళ నవమి నాడు అక్కడే దేహం చాలించారు. జపవేళ చేయి ఆనించుకొనే ఆయన యోగదండాన్ని నేటికీ ఆ కోటలో భద్రపరచి ఉంచారు. దానిలో ఒక కత్తి దాగి ఉంటుంది.