ఎలుకలు చెప్పిన దారి

రోజూ వెళ్లే రోడ్డు మూసేస్తే మీరు పక్క సందులోంచి ఇల్లు చేరతారు కదా! మెదడులో ఓ పటం ఉండబట్టే అది సాధ్యమని 1948లో వివరించింది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టోల్మన్. 1886లో పుట్టిన ఆయన ముందు చదివింది ఎలక్ట్రోకెమిస్ట్రీ. ఆపై బర్క్‌లీలో ఎలుకల వెంట పడ్డారు. చివర తిండేమీ పెట్టకుండా వాటిని పది రోజులు చిక్కుదారుల్లో వదిలారు. పదకొండో రోజు తిండి పెడితే, మర్నాటికే తప్పులు బాగా తగ్గిపోయాయి. ఊరికే తిరుగుతూనే దారి నేర్చేసుకున్నాయన్నమాట!

మనిషి మొండివాడే. విధేయతా ప్రమాణం చేయనని యూనివర్సిటీతో పోరాడి, 1952లో కోర్టులో గెలిచారు. 1959లో కన్నుమూశారు.

ఆయన చెప్పిన పటానికి ఆధారమనదగ్గ కణాలు 1971లో హిప్పోక్యాంపస్‌లో బయటపడ్డాయి. అల్జీమర్స్‌లో తొందరగా దెబ్బతినే భాగాల్లో ఇదొకటి. అందుకే మీ ఇంట్లో పెద్దవాళ్లు తెలిసిన దారిలోనే తడబడుతుంటే వయసు మీద నెట్టేయకుండా డాక్టరుకు చూపించండి. బీ12 లోపం, థైరాయిడ్ సమస్య వంటి సరిదిద్దగల కారణాలూ ఉండొచ్చు.