మట్టిలో మందు వెతికిన సెల్మన్ వాక్స్‌మన్

క్షయ పేరు వినని పల్లె మన ప్రాంతంలో లేదు. ఆ జబ్బును లొంగదీసిన మొదటి మందు మన కాళ్ళ కింది మట్టిలో ఉండే సూక్ష్మజీవి నుండే వచ్చింది. ఆ మందు కోసం కృషి చేసిన సెల్మన్ వాక్స్‌మన్ జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో తోటి విద్యార్థులకు పరిచయం చేస్తున్నాము.

ఆయన 1888 జూలై 22న నేటి ఉక్రెయిన్‌లోని నొవాయా ప్రిలూకా అనే పల్లెలో యూదు కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలోనే చెల్లెలు డిఫ్తీరియాతో చనిపోయింది. రష్యా చక్రవర్తి పాలనలో యూదు పిల్లలకు పెద్ద చదువులు అందడం చాలా కష్టం. అందుకే 1910లో అమెరికా వెళ్ళి బంధువుల పొలంలో ఉన్నారు. స్కాలర్‌షిప్ సంపాదించి 1911లో రట్గర్స్ కళాశాలలో చేరారు. 1918లో డాక్టరేట్ పొంది, అక్కడికే తిరిగివచ్చి అధ్యాపకులయ్యారు.

ఆయన అధ్యయనమంతా మట్టిలోని సూక్ష్మజీవుల మీదే. ఒక జీవి మరొక దానిని పెరగనీయకుండా చేసే పదార్థాలను వెతికారు. వాటికి యాంటీబయాటిక్ అనే పేరును వాడుకలోకి తెచ్చింది ఆయనే.

1943లో ఆయన శిష్యుడు ఆల్బర్ట్ షాట్జ్ నేలమాళిగలోని ప్రయోగశాలలో పనిచేస్తూ స్ట్రెప్టోమైసిన్‌ను వేరు చేశాడు. బ్రిటన్‌లో 107 మంది క్షయ రోగులపై పరీక్ష జరిగింది. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, తీసుకోని 52 మందిలో 14 మంది చనిపోయారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి.

అయితే పేరు ప్రఖ్యాతులన్నీ గురువుకే దక్కాయి. షాట్జ్ 1950లో కోర్టుకు వెళ్ళాడు. రాజీ కుదిరి, సహ ఆవిష్కర్తగా గుర్తింపు, రాయల్టీలో వాటా పొందాడు. అయినా 1952 నోబెల్ బహుమతి వాక్స్‌మన్ ఒక్కరికే వచ్చింది. రాయల్టీ సొమ్ముతో ఆయన రట్గర్స్‌లో సూక్ష్మజీవశాస్త్ర సంస్థను నెలకొల్పారు. 1973 ఆగస్టు 16న కన్నుమూశారు.

స్ట్రెప్టోమైసిన్‌కు ఒక లోపం ఉంది. సూదిమందుగా రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది కాబట్టి కొందరికి చెవుడు వస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటే మందు అక్కడికే చేరాలి కదా! ఆ ఆలోచనతోనే అదే కుటుంబానికి చెందిన అమికాసిన్‌ను కంటికి కనిపించని కొవ్వు బుడగల్లో నింపి, ఆవిరిలా పీల్చే మందుగా తయారుచేశారు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఆ బుడగలు సుమారు 300 నానోమీటర్లు మాత్రమే. క్షయ క్రిమికి దగ్గరి బంధువైన ఎం.ఏ.సి. అనే క్రిమి వల్ల వచ్చే మొండి ఊపిరితిత్తుల జబ్బుకు ఈ మందును అమెరికా 2018లో అనుమతించింది. పీల్చినా దుష్ఫలితాలు పూర్తిగా పోలేదు, దగ్గు, గొంతు బొంగురుపోవడం సాధారణం. కానీ రక్తంలోకి చేరే మందు బాగా తగ్గింది.

మిత్రులారా! పేద పల్లె నుండి వచ్చినవాడు ప్రపంచానికి ప్రాణదాత కాగలడని వాక్స్‌మన్ జీవితం చెబుతోంది. పక్కన నిలబడి కష్టపడినవాడి పేరు మరువకూడదని షాట్జ్ కథ చెబుతోంది. రేపు మనలో ఎవరు ఏ స్థాయికి ఎదిగినా ఈ రెండూ గుర్తుంచుకుందాం.