తుపాకీ మందు తూచి గురి కుదిర్చిన కెప్టెన్ ఫోర్సైత్

మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢి కొండలను బయటి ప్రపంచానికి తెలియజేసిన అధికారిగా కెప్టెన్ జేమ్స్ ఫోర్సైత్ పేరును అక్కడ నేటికీ చెప్పుకుంటారు. 1862 నాటి ఆయన బైసన్ లాడ్జి ఇంకా నిలిచే ఉంది. అయితే వేటగాళ్లలో ఆయన పేరు నిలవడానికి కారణం వేరు. తుపాకీలో మందు ఎంత పోయాలి, గుండు ఎలా ఉండాలి అన్నది లెక్కకట్టి చెప్పినవారిలో ఆయన ముఖ్యుడు.

ఫోర్సైత్ 1838లో జన్మించారు. ఇంగ్లండులో చదువు ముగించుకుని భారతదేశం వచ్చారు. బెంగాల్ స్టాఫ్ కోర్‌కు చెందిన ఆయన సెంట్రల్ ప్రావిన్సెస్‌లో మొదట అడవుల శాఖలోను, తరువాత నిమాడ్ జిల్లా సెటిల్‌మెంట్ అధికారిగాను పనిచేశారు. నర్మదా లోయ, సాత్పురా కొండలు తిరిగి చూశారు. మన ఆదిలాబాద్ గోండులకు బంధువులైన అక్కడి గోండుల జీవనాన్ని దగ్గరగా గమనించారు.

గాయపడిన పులితో ముప్పు

ఆ రోజుల్లో అడవి పల్లెలకు పులి బెడద ఎక్కువ. గుండు సరిగా తగలక గాయంతో తప్పించుకున్న పులి మరీ ప్రమాదం. వేటగాడు మరునాడు గుడారం ఎత్తుకుని పోతాడు. ఆ పులి మాత్రం పశువుల కాపరి దారిలోనే ఉంటుంది. అందుకే గురి తప్పడం వేటగాడి పరువుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు.

అప్పటి తుపాకులను మూతి నుంచి నింపేవారు. గొట్టం లోపల గుండును తిప్పే గాడులు ఉండేవి. చాలా తుపాకుల్లో ఆ గాడులు మూడు నాలుగు అడుగులకే ఒక చుట్టు తిరిగేవి. మందు ఎక్కువ పోస్తే సీసపు గుండు గాడి తప్పి అడ్డదిడ్డంగా పోయేది. తక్కువ పోస్తే గుండు నెమ్మదిగా వెళ్లి దూరాన కిందికి దిగిపోయేది. దూరం అంచనాలో చిన్న పొరపాటు జరిగినా దెబ్బ తప్పేది.

ఫోర్సైత్ దీనికి విరుగుడు చెప్పారు. గాడుల మెలిక బాగా తగ్గించి, ఎనిమిది అడుగులకు పైగా ఒక్క చుట్టు ఉండేలా చేయాలన్నారు. అప్పుడు మందు దండిగా పోసినా గుండ్రని గుండు గాడి తప్పదు. వేటాడే దూరంలో దాదాపు తిన్నగా పోతుంది. ఆయన ఎంచుకున్నది 14 బోరు. అంటే పౌను సీసంతో 14 గుండ్లు. ఒక్కొక్కటి సుమారు 32 గ్రాములు. ఈ వివరాలతో ఆయన గ్రంథం 1863లో వెలువడింది.

జోడు గొట్టాల చిక్కు

రెండు గొట్టాల రైఫిలుతో ఇంకో చిక్కు ఉంది. కుడి గొట్టం పేలితే తుపాకీ కుడికి, ఎడమది పేలితే ఎడమకు కొద్దిగా ఒరుగుతుంది. అందుకే గొట్టాలను ముందువైపు కాస్త దగ్గరకు వచ్చేలా అతుకుతారు. ఆ కూర్పు ఒకే మందు కొలతకు, ఒకే గుండు బరువుకు కుదురుతుంది. గుండు నెమ్మదిస్తే రెండు దెబ్బలు ఎడంగా పోతాయి. వేగం మితిమీరితే ఒకదాని దారిని మరొకటి దాటుతుంది. కనుక మందు తూచి పోసి, రెండు గొట్టాలనూ గురిపలక మీద కాల్చి, రెండు దెబ్బలూ దగ్గరదగ్గరగా పడే కొలతను వెతకాలి. నేటికీ సొంతంగా తూటాలు నింపుకునే విదేశీ వేటగాళ్లు చేసేది ఇదే పరీక్ష.

ఫోర్సైత్ ఎక్కువకాలం బతకలేదు. మధ్య భారత కొండలు, అడవులు, గోండుల గురించి రాసిన పెద్ద గ్రంథం అచ్చవుతుండగానే 1871లో లండన్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు సుమారు 33 ఏళ్లే. తరువాత వెనుక నుంచి నింపే తుపాకులు, పొగలేని మందు వచ్చి ఆయన గుండ్రని గుండును మూలకు నెట్టాయి. మన దేశంలో 1972 చట్టంతో పులి వేటే ఆగిపోయింది. ఆయన తిరిగిన సాత్పురా అడవి నేడు పులులకు రక్షిత స్థలం.