నిజామాబాద్ కోర్టు నుంచి చుండూరు దాకా: బొజ్జా తారకం

బోధన్ చెరకు తోటల్లో కూలికి పోయే మాల మాదిగలకు పోలీసు స్టేషనంటే భయం, కోర్టంటే ఖర్చు. అలాంటి జిల్లాలో చట్టాన్ని వాడలోకి తెచ్చిన న్యాయవాది బొజ్జా తారకం.

1939 జూన్ 27న కోనసీమలోని కందికుప్పలో పుట్టారు. తండ్రి అప్పలస్వామి అంబేడ్కర్ బాటలో నడిచిన శాసనసభ్యుడు. నిజామాబాద్‌లో ప్రాక్టీసు చేస్తూనే తారకం అంబేడ్కర్ యువజన సంఘం పెట్టి ఊళ్లు తిరిగారు. 1975లో ఎమర్జెన్సీ రాగానే ఆయన్ని జైల్లో పెట్టారు.

ఆ చీకటి రోజుల్లోనే, 1976 ఏప్రిల్ 28న, సుప్రీంకోర్టు జబల్పూర్ కేసులో తీర్పు చెప్పింది. ఎమర్జెన్సీలో నిర్బంధితులు హెబియస్ కార్పస్ కోరే వీల్లేదంది. ఐదుగురిలో జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. కాపాడాల్సిన కోర్టే తలుపు మూసుకుంటే, మనిషికి మిగిలేది తన హక్కు తనకు తెలిసి ఉండటం, పక్కన నలుగురు నిలబడటం. తారకం జీవితమంతా ఈ రెండింటి కోసమే నడిచింది.

‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే పుస్తకం రాశారు. అరెస్టయిన మనిషి ఏం అడగొచ్చో, పోలీసులు ఏం చేయకూడదో మామూలు మాటల్లో చెప్పారు. అరెస్టు మెమో ఇవ్వాలని, బంధువులకు కబురు చేయాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 1996లో.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. అప్పుడు తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవి వదిలేసి బాధితుల పక్షం చేరారు, కత్తి పద్మారావుతో కలిసి దళిత మహాసభను నిలబెట్టారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడూ ఆయన బాధితుల వెంటే ఉన్నారు. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే కూర్చుంది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది.

తారకం 2016 సెప్టెంబర్ 16న కన్నుమూశారు. మరుసటి ఏడాది పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు జబల్పూర్ తీర్పు తప్పని తేల్చారు. అందుకు 41 ఏళ్లు పట్టింది. స్టేషన్‌లో కూర్చోబెట్టిన కూలి మనిషి అన్నేళ్లు ఆగలేడు. అందుకే తారకం తీర్పుల కోసం చూడకుండా ముందే వాడకు వెళ్లి హక్కులు చెప్పారు. ఆ పని ఇప్పటికీ మిగిలే ఉంది.