ఆ చెవి విరిచింది నేనే

మన బడి స్టాఫ్ రూము గుమ్మం పక్క గూట్లో ఉండే గిడుగు రామమూర్తి పంతులుగారి బొమ్మ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తలపాగా, కోటు, గుబురు మీసాలు, భుజాల వరకే ఉన్న ప్లాస్టర్ బొమ్మ. ఆయన పుట్టినరోజున దండ వేసేవారు. మిగతా రోజుల్లో దాని పక్కన సుద్దముక్కల డబ్బా ఉండేది. ఆ బొమ్మకు కుడి చెవి సగం లేదన్న సంగతి కూడా కొందరికి గుర్తుండవచ్చు.

ఆ చెవి విరిచింది నేనే. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం వరండాలో కార్కు బంతితో ఆడుతున్నాం. నేను విసిరిన బంతి గోడకు కొట్టుకుని గూట్లోకి పోయింది. రాలిన ముక్కని జేబులో వేసుకుని, ఇంటికి పోయే దారిలో చెరువులోకి విసిరేశాను. మర్నాడు తుడిచేటప్పుడు విరగ్గొట్టి ఉంటాడని అటెండరు తిట్లు తిన్నాడు. నేను వరసలో నిలబడి విన్నాను, నోరు విప్పలేదు. ఆయన ఇప్పుడు లేరు. అందుకే ఈ మాట మీ అందరి ముందూ చెబుతున్నాను.

స్వర్ణోత్సవాల కోసం సంఘం కూర్చున్నప్పుడు పాత బొమ్మ తీసేసి ఫైబర్ బొమ్మ కొత్తది పెడదామన్న మాట వచ్చింది. నన్ను ప్రయత్నించనివ్వండి, రెండు నెలలు గడువివ్వండి అని అడిగాను. రిటైరయ్యాక వినాయకుడి బొమ్మలకు రంగులు వేయడం, పాత బొమ్మలు బాగుచేయడం నాకు కాలక్షేపం. బొమ్మని పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

పైన బంగారు రంగు. దాని కింద వెండి రంగు, దాని కింద ఏదో గోధుమ రంగు ఎనామిల్. ఏ వేడుక వచ్చినా ఒక పూత పడినట్టుంది. ఆ పూతల కింద మీసాల గీతలు పూడిపోయాయి, కళ్ల అంచులు మొద్దుబారాయి. ఈ మధ్య చదువుకున్న పిల్లల్లో కొందరు అది గురజాడ బొమ్మ అనుకున్నారంటే వాళ్ల తప్పేమీ లేదు.

ప్లాస్టర్‌కు నీళ్లు పడవు. అందుకని థిన్నర్‌లో దూది తడిపి, అరచెయ్యంత మేర మెత్తబరచి, వెదురు పుల్లతో పొర తరవాత పొర లేపాను. ముఖం ఒక్కదానికే పదకొండు రోజులు పట్టింది. రాత్రి పూట ఆయన జీవిత విశేషాలు చదివేవాణ్ణి. ఎవరి ముఖమో తెలియకుండా రంగు వేయకూడదు కదా.

ఆయన మన జిల్లావారే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి చేరువలోని పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. పన్నెండేళ్లకే తండ్రి పోయారు. విజయనగరం మహారాజావారి బడిలో చదువుకున్నారు, గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో 30 రూపాయల జీతానికి ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. మన నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు పడింది 1900లో. అంటే ఈయన చేరేనాటికి అది ఊహలో కూడా లేదు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా కట్టి బి.ఏ. దాకా పాసయ్యారు. ముఖలింగం గుళ్ల గోడల మీది శాసనాల లిపిని ఎవరూ నేర్పకుండా తనే నేర్చుకుని చదివారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. మన సీతంపేట కొండల్లో ఉన్నవారూ వారే. వాళ్ల భాష తెలుగుకి, ఒరియాకి చుట్టం కాదు. ముండా కుటుంబానికి చెందినది, అప్పటికి రాత లేనిది. ఆ భాష నేర్చుకోవాలని ఈయనకు పట్టుదల కలిగింది. రెండు భాషలూ వచ్చిన ఒక సవరను ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలెక్కి గూడేల్లో తిరిగారు. సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్బయి అయిదేళ్లు.

ఇంతవరకు చదివాక తెలిసిన ఒక సంగతి దగ్గర నేను ఆగిపోయాను. ఆ కొండల్లో తిరిగినప్పుడు పంతులుగారికి మలేరియా పట్టింది. అప్పట్లో మందంటే క్వినైన్. అది మోతాదు మించితే చెవులకు చేటు. ఆయనకు వినికిడి దెబ్బతిని, బతికినంతకాలం ఆ చెవుడు తీరలేదు. ఒక జాతి మాటలు వినడానికి కొండలెక్కిన మనిషి వినికిడే పోగొట్టుకున్నారు. నేను విరగ్గొట్టింది ఆ మనిషి చెవి. పుస్తకం మూసి చాలాసేపు అలా కూర్చున్నాను.

వినిపించకపోయినా ఆయన మాట ఆపలేదు. 1907 ప్రాంతంలో ఏట్సు అనే దొర మన జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా ఉండేవాడు. పుస్తకాల్లో ఒక తెలుగు, నోళ్లలో మరో తెలుగు ఎందుకున్నాయన్నది ఆయన సందేహం. ఆ ప్రశ్న పంతులుగారి జీవితాన్ని మలుపు తిప్పింది. జనం మాట్లాడే భాషలోనే పాఠాలుండాలని గురజాడవారితో కలిసి పోరు మొదలుపెట్టారు. ఎదుట ఉన్నవారు సామాన్యులు కారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు గ్రాంథికం వైపు నిలబడ్డారు. 1911లో ఉద్యోగం నుంచి దిగాక ఈయనకు ఇదే పనయింది. 1915లో గురజాడవారు కన్నుమూశాక ఆ బరువంతా ఈయన మీదే పడింది. 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. పుస్తకాల కట్టలు వెంటబెట్టుకుని సభలకు వెళ్లేవారు. గ్రాంథికమే రాయాలనేవారి పుస్తకాల్లోనే గ్రాంథికం ఎక్కడెక్కడ తప్పిందో పుటలు తీసి చూపేవారు. 1925లో తణుకు సభలో గంటల తరబడి మాట్లాడి ఒప్పించారు.

ఈ సంచికలో మనం అందరం మన తెలుగులో రాసుకోగలుగుతున్నాం. చిన్నప్పుడు మన యాస విని పొరుగు జిల్లాల పిల్లలు నవ్వితే నోరు మూసుకున్నవాళ్లం మనలో తక్కువమంది కాదు. పలికే భాష తప్పు కాదని చెప్పిన మనిషి మన గూట్లోనే ఉన్నాడని అప్పుడు మనకు తెలియలేదు.

ఇక చెవి సంగతి. ఎడమ చెవికి అచ్చు తీసి కుడివైపు పెడితే కుదరదు, మెలిక తిరగబడుతుంది. అందుకని ఎడమ చెవికి ఎదురుగా అద్దం పెట్టి, అద్దంలో కనిపించినట్టు చేత్తో మలచాను. విరిగినచోట చిన్న రంధ్రాలు చేసి ఇత్తడి తీగ గుచ్చాను. ఇనుప తీగ అయితే తుప్పు పట్టి ప్లాస్టర్‌ను పగలగొడుతుంది. పాత అంచుని ముందు తడిపాను. తడపకపోతే ఎండు ప్లాస్టర్ కొత్తదాంట్లో నీటిని పీల్చేసుకుని అతుకు నిలవదు. మొదటి రెండుసార్లు రాలిపోయింది. మూడోసారి నిలిచింది. వారం ఆరబెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, స్పిరిట్‌లో కరిగించిన లక్క రెండు చేతులు పూసి, ఆ తరవాతే రంగుకు దిగాను.

సంఘంలో కొందరు మళ్లీ బంగారు రంగే అన్నారు. నేను ఒప్పుకోలేదు. పంతులుగారు మనిషి, మనిషి రంగే ఉండాలన్నాను. చర్మానికి చామనఛాయ, తలపాగాకు తెలుపు, కోటుకు నలుపు, మీసాలకు నెరుపు, అన్నీ పలచని పూతలే.

రంగు వేస్తుండగా చివరి పుటలు చదివాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయింది. కలపవద్దని అంతకుముందు ఎంతో పోరాడిన పంతులుగారు, డెబ్బయి మూడో ఏట, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరుని వదిలి రాజమండ్రి చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న కన్నుమూశారు. అంతకు వారం ముందు కూడా పత్రికల వారిని కూర్చోబెట్టి, వాడుక భాషలో రాయమని కోరారు.

బొమ్మ ఇప్పుడు గూట్లో ఉంది. కుడి చెవి దగ్గర వెంట్రుకంత అతుకు గీత కనిపిస్తుంది. లప్పం పెట్టి కప్పేయవచ్చు గానీ, కావాలనే వదిలేశాను. స్వర్ణోత్సవాలకు వచ్చినప్పుడు మీరు కుడివైపు నిలబడి చూడండి. ఎవరు విరగ్గొట్టారని పిల్లలు అడిగితే నా పేరు చెప్పండి. అటెండరు కాదని కూడా చెప్పండి.